సంవత్సరం నుంచి అటోసెకండు దాకా: కాలమానాల మార్పిడిలో ఏ అంకెను ఎంతవరకు నమ్మాలి?

2023 సంవత్సరపు భౌతికశాస్త్ర నోబెల్ బహుమతిని పియర్ అగోస్తిని, ఫెరెంక్ క్రౌస్, ఆన్ లూలియేలకు ప్రకటించినప్పుడు, అటోసెకండు ఎంత చిన్నదో సామాన్య పాఠకులకు తెలియజెప్పడానికి రాయల్ స్వీడిష్ విజ్ఞానశాస్త్రాల అకాడమీ ఒక పోలిక చెప్పింది. విశ్వం పుట్టినప్పటి నుంచి ఎన్ని సెకండ్లు గడిచాయో, ఒక్క సెకండులో అన్ని అటోసెకండ్లు ఉంటాయన్నది ఆ పోలిక. పలు పత్రికలు దాన్ని యథాతథంగా ప్రచురించాయి. లెక్క వేసి చూస్తే విషయం కొంచెం వేరుగా కనిపిస్తుంది. ఒక సెకండులో ఉండే అటోసెకండ్లు 10¹⁸. విశ్వం వయస్సు 1,380 కోట్ల సంవత్సరాలు అనుకుంటే, సంవత్సరానికి సుమారు 3.156 కోట్ల సెకండ్ల చొప్పున, గడిచిన సెకండ్లు 4.35 × 10¹⁷. అంటే సెకండులోని అటోసెకండ్ల సంఖ్య విశ్వం చూసిన సెకండ్ల సంఖ్యకు సుమారు 2.3 రెట్లు ఉంది. పోలిక అక్షరాలా నిలవాలంటే విశ్వం వయస్సు 3,169 కోట్ల సంవత్సరాలు కావాలి.

అయినా ఆ ప్రకటనను తప్పుపట్టనక్కరలేదు. పద్దెనిమిది సున్నాల దూరం దాటి చేసిన పోలికలో రెండు రెట్ల తేడా పెద్దది కాదు. అక్కడ ఉద్దేశించినది పరిమాణం స్థాయిని చూపడమే. ఇబ్బంది వచ్చేది ఇలాంటి మార్పిడిలో వచ్చిన సంఖ్యను చివరి అంకె దాకా నిజమని నమ్మినప్పుడే. అంతర్జాలంలో దొరికే మార్పిడి యంత్రాల్లో ఏదో ఒకదానికి ‘ఒక సంవత్సరం’ అని ఇచ్చి ఫెమ్టోసెకండ్లు (ఒక సెకండులో ఇవి 10¹⁵) అడిగితే, అది క్షణంలో పదిహేను అంకెల జవాబు ఇస్తుంది. ఆ పదిహేనింటిలో ఎన్ని సార్థకమైనవో మాత్రం చెప్పదు. అది యంత్రానికి తెలిసే విషయం కాదు, ఎందుకంటే అడిగిన సంవత్సరం ఏ సంవత్సరమో దానికి ఎవరూ చెప్పలేదు.

సూక్ష్మ కాలమానాల వైపు గందరగోళం లేదు. మిల్లీ, మైక్రో, నానో, పికో, ఫెమ్టో, అటో, జెప్టో, యోక్టో అంటూ ఒక్కొక్క మెట్టుకు వెయ్యో వంతు చొప్పున దిగే ఈ వరుసకు 2022 నవంబరులో తూనికలు కొలతల సర్వసభ్య సమావేశం రోంటో, క్వెక్టో అనే మరో రెండు మెట్లు కలిపి 10⁻³⁰ దాకా తీసుకువెళ్లింది. అన్నీ సెకండుకు కచ్చితమైన దశాంశ భాగాలే. ఆ సెకండు కూడా 1967 నుంచి ఆకాశంతో సంబంధం లేనిది: సీజియం-133 పరమాణువులో ఒక నిర్దిష్ట పరివర్తనకు చెందిన తరంగం 9,19,26,31,770 సార్లు కంపించే వ్యవధిని సెకండుగా నిర్వచించారు. కాబట్టి సెకండు నుంచి కిందికి దిగడమంటే దశాంశ బిందువును జరపడమే.

పైకి ఎక్కే దారి అలాంటిది కాదు. రోజు, నెల, సంవత్సరం అన్నవి ఎవరో కూర్చుని నిర్వచించిన కొలతలు కావు. భూమి, చంద్రుడు, సూర్యుడు చేసే కదలికలు. కదలికను దేనితో పోల్చి కొలిచారన్న దాన్ని బట్టి వ్యవధి మారుతుంది. సూర్యుడు ఒక వసంత విషువత్తు నుంచి మళ్లీ వసంత విషువత్తుకు రావడానికి పట్టే సాయన సంవత్సరం 365.24219 రోజులు, అంటే సుమారు 3,15,56,925 సెకండ్లు. నక్షత్రాల నేపథ్యంలో అదే బిందువుకు తిరిగి రావడానికి పట్టే నాక్షత్ర సంవత్సరం సుమారు 3,15,58,150 సెకండ్లు. మన గోడ క్యాలెండరు అనుసరించే గ్రెగోరియన్ సగటు సంవత్సరం 365.2425 రోజులు, అంటే 3,15,56,952 సెకండ్లు. వీటిలో ఏదీ కాకుండా, అంతర్జాతీయ ఖగోళ సంఘం లెక్కల సౌలభ్యం కోసం ఎంచుకున్న జూలియన్ సంవత్సరం సరిగ్గా 365.25 రోజులు, సరిగ్గా 3,15,57,600 సెకండ్లు. కాంతి సంవత్సరం అనే దూరమానం లెక్కించేది ఈ చివరిదానితోనే.

సాయన, నాక్షత్ర సంవత్సరాల మధ్య ఉన్న 1,225 సెకండ్ల తేడా, అంటే ఇరవై నిమిషాల పైచిలుకు, భూమి అక్షం నెమ్మదిగా దిశ మార్చుకోవడం వల్ల వచ్చే అయన చలనానిది. తెలుగువారికి ఇది కొత్త సంగతేమీ కాదు. పంచాంగాలు మకర సంక్రాంతిని నిరయన పద్ధతిలో, నక్షత్రాల ఆధారంగా గణిస్తాయి. క్యాలెండరు సాయన సంవత్సరాన్ని వెంబడిస్తుంది. అందుకే సంక్రాంతి సగటున సుమారు 72 ఏళ్లకు ఒక రోజు చొప్పున తర్వాతి తేదీలకు జరుగుతోంది. 1863లో వివేకానందుడు పుట్టిన జనవరి 12 ఆ ఏటి మకర సంక్రాంతి. ఇప్పుడు అదే పండుగ 14నో 15నో వస్తోంది.

సంవత్సరాన్ని ఫెమ్టోసెకండ్లలోకి మార్చేటప్పుడు ఈ తేడా ఏమవుతుందో చూద్దాం. జూలియన్ సంవత్సరమైతే జవాబు 3.15576 × 10²² ఫెమ్టోసెకండ్లు. నిర్వచనం నుంచి వచ్చింది కనుక ఇది కచ్చితం, దీని వెనుక ఎన్ని సున్నాలైనా రాసుకోవచ్చు. సాయన సంవత్సరమైతే 3.15569 × 10²². నాలుగో అంకె దాకా రెండూ ఒక్కటే, అయిదో అంకెలో విడిపోతాయి. మూడు అంకెల జవాబు చాలనుకున్నవారికి ఏ సంవత్సరమన్న ప్రశ్నే అక్కరలేదు. ఆరు అంకెలు కావాలన్నవారు అది చెప్పకుండా ముందుకు పోలేరు. మొదట చెప్పిన 3,169 కోట్ల సంవత్సరాలను రెండు రకాల సంవత్సరాలతోనూ లెక్కిస్తే ఫలితాల మధ్య తేడా దాదాపు 6.8 లక్షల సంవత్సరాలు. మనుషుల చరిత్రకు అది అనంతమైన కాలం. ఆ సంఖ్యలో మాత్రం అది గుండ్రం చేసేటప్పుడు రాలిపోయే పొట్టు.

రోజు విషయంలోనూ ఇదే చిక్కు. కొలమానంగా రోజు అంటే 86,400 సెకండ్లు, 8.64 × 10¹⁹ ఫెమ్టోసెకండ్లు. కానీ భూమి ఆ కొలమానానికి కట్టుబడి తిరగదు. ఆటుపోట్ల రాపిడి వల్ల భూభ్రమణం శతాబ్దానికి రోజుకు రెండు మిల్లీసెకండ్ల లోపు చొప్పున మందగిస్తోంది. దాని మీద గాలులు, సముద్రాలు, భూగర్భంలోని ద్రవలోహపు కదలికలు తెచ్చే హెచ్చుతగ్గులు వేరు. ఈ సర్దుబాటు కోసమే 1972 నుంచి 27 లీపు సెకండ్లు చేర్చారు. చివరిది 2016 డిసెంబరు 31న చేరింది. 2035 నాటికో అంతకు ముందో ఈ పద్ధతికి స్వస్తి చెప్పాలని 2022లో పైన చెప్పిన సమావేశమే తీర్మానించింది. ఒక మిల్లీసెకండులో లక్ష కోట్ల ఫెమ్టోసెకండ్లు ఉంటాయి కనుక, ఈ రోజు సూర్యోదయం నుంచి రేపటి సూర్యోదయం దాకా ఎన్ని ఫెమ్టోసెకండ్లు అని ఎవరైనా ఇరవై అంకెల్లో చెబితే, అందులో మొదటి కొన్ని అంకెలు మాత్రమే ఆకాశానికి చెందినవి, మిగిలినవి గుణకార యంత్రానివి.

ఖగోళ వ్యవధి పెద్దదయ్యే కొద్దీ మనకు తెలిసిన అంకెలు తగ్గిపోతాయి. సౌరకుటుంబం పాలపుంత కేంద్రం చుట్టూ ఒకసారి తిరిగి రావడానికి 22 నుంచి 25 కోట్ల సంవత్సరాలు పడుతుందని అంచనా. దీన్ని ఫెమ్టోసెకండ్లలోకి మారిస్తే 7 × 10³⁰ అని ఒక్క అంకెతో ఆగిపోవడమే నిజాయితీ. విశ్వం వయస్సు ఇంతకంటే చాలా మెరుగు: ప్లాంక్ ఉపగ్రహ పరిశీలనల ప్రకారం 1,378.7 కోట్ల సంవత్సరాలు, రెండు కోట్ల సంవత్సరాలు అటూ ఇటూ. అటోసెకండ్లలో అది 4.351 × 10³⁵. నాలుగో అంకె అప్పటికే అనుమానాస్పదం. మిగిలిన ముప్పై రెండు స్థానాల్లో సున్నాలు రాసినా, తొమ్మిదులు రాసినా తేడా లేదు. ఆ సున్నాలు మనకు తెలిసినదాన్ని సూచించవు, తెలియనిదాని పొడవును సూచిస్తాయి.

ఇక్కడ భారతీయ జ్యోతిశ్శాస్త్రజ్ఞులు ఎంచుకున్న దారి ప్రత్యేకంగా గమనించదగ్గది. 499 ప్రాంతంలో ఆర్యభటుడు సంవత్సరం ఇన్ని రోజులు, ఇంత భిన్నం అని చెప్పలేదు. 43,20,000 సంవత్సరాల మహాయుగంలో భూమి 1,58,22,37,500 సార్లు తన చుట్టూ తాను తిరుగుతుందని చెప్పాడు. సూర్యోదయాల సంఖ్య, అంటే సావన దినాలు, అందులోంచి సంవత్సరాల సంఖ్య తీసివేస్తే వచ్చేవి: 1,57,79,17,500. అన్నీ పూర్ణాంకాలే. ఈ రెండింటి నిష్పత్తి కడితే నాక్షత్ర దినం 23 గంటల 56 నిమిషాల 4.1 సెకండ్లు వస్తుంది; ఆధునిక విలువకు ఇది సెకండులో నూరోవంతు మేర దగ్గర. సంవత్సరం విషయంలో అంత కుదరలేదు. ఆయన సంఖ్యల నుంచి వచ్చే సంవత్సరం నేటి నాక్షత్ర సంవత్సరం కంటే దాదాపు 200 సెకండ్లు ఎక్కువ. పద్ధతిలోని తెలివి మాత్రం ఆ 200 సెకండ్లతో పోయేది కాదు. భిన్నాన్ని గుండ్రం చేసి, దాన్ని లక్షల సార్లు హెచ్చవేస్తే పొరపాటు పేరుకుపోతుంది. రెండు పెద్ద పూర్ణాంకాలను పట్టుకుని, అవసరమైన చోట మాత్రమే భాగహారం చేస్తే పేరుకుపోదు. సీజియం కంపనాలను 9,19,26,31,770 అనే పూర్ణాంకంగా బిగించడం వెనుక ఉన్నదీ ఇలాంటి ఆలోచనే.

కిందివైపు కూడా ఆ సంప్రదాయం గట్టిగానే దిగింది. రోజుకు 60 ఘడియలు, ఘడియకు 60 విఘడియలు, విఘడియకు 6 ప్రాణాలు. అంటే రోజుకు 21,600 ప్రాణాలు. వృత్తంలో ఉండే కలల (కల అంటే డిగ్రీలో అరవయ్యో వంతు కోణం) సంఖ్య కూడా 360 × 60, అంటే 21,600. కాబట్టి భూమి ఒక ప్రాణకాలంలో సరిగ్గా ఒక కల తిరుగుతుంది, కాలం నుంచి కోణానికి మారడానికి గుణకమే అక్కరలేదు. ఇంకా కిందికి 1150లో భాస్కరాచార్యుడు సిద్ధాంత శిరోమణిలో ఇచ్చిన పట్టిక వెళ్తుంది: రోజులో 9,72,000 నిమేషాలు, నిమేషంలో 30 తత్పరలు, తత్పరలో 100 త్రుటులు. సెకండ్లలో చెబితే నిమేషం 89 మిల్లీసెకండ్లు, త్రుటి 29.6 మైక్రోసెకండ్లు. అయితే భాగవత పురాణం లెక్కలో త్రుటి దాదాపు 474 మైక్రోసెకండ్లు, అంటే భాస్కరుడి త్రుటికి సరిగ్గా పదహారు రెట్లు. త్రుటిని మైక్రోసెకండ్లలోకి మార్చి చూపే వ్యాసాల్లో రెండు భిన్నమైన సంఖ్యలు కనిపించడానికి కారణం ఇదే. ఏ గ్రంథపు త్రుటి అన్నది చెప్పకపోతే, ఏ సంవత్సరమో చెప్పని మార్పిడి ఎంత అసంపూర్ణమో ఇదీ అంతే.

432 కోట్ల సంవత్సరాల కల్పంలో భాస్కరుడి త్రుటులు సుమారు 4.6 × 10²¹. అప్పట్లో ఇరవై తొమ్మిదిన్నర మైక్రోసెకండ్లను గానీ ముప్పై మైక్రోసెకండ్లను గానీ కొలిచే సాధనమేదీ లేదు; త్రుటి గణితం సృష్టించిన కొలమానమే తప్ప పరికరం చూపినది కాదు. దీన్ని ప్రాచీనులు మైక్రోసెకండును కొలిచారనడానికి సాక్ష్యంగా చూపేవారు నిర్వచించడానికీ కొలవడానికీ మధ్య ఉన్న తేడాను దాటేస్తున్నారు. ఆ మాటకొస్తే నేటి ప్లాంక్ కాలం, 5.39 × 10⁻⁴⁴ సెకండ్లు, కూడా స్థిరాంకాల కూర్పు నుంచి పుట్టిన సంఖ్యే. ఏ గడియారమూ దాని దరిదాపులకు వెళ్లలేదు. 2020లో ఫ్రాంక్‌ఫర్ట్ శాస్త్రవేత్తలు ఒక కాంతికణం హైడ్రోజన్ అణువును దాటడానికి పట్టిన 247 జెప్టోసెకండ్లను లెక్కగట్టారు. అక్కడి నుంచి ప్లాంక్ కాలానికి ఇంకా ఇరవై నాలుగు దశాంశ స్థానాలున్నాయి.

ఒక చిన్న చిత్రం ఇక్కడ చెప్పుకోవచ్చు. 2017లో జ్యూరిక్‌లో సృష్టించిన 43 అటోసెకండ్ల కాంతి స్పందనానికీ, విశ్వం వయస్సుకూ గుణమధ్యమం తీస్తే 4.3 సెకండ్లు వస్తుంది. ఒక ప్రాణం, అంటే ఒక ఊపిరి కాలం, నాలుగు సెకండ్లు. ఇది కేవలం కాకతాళీయం, దీని మీద ఏ సిద్ధాంతమూ కట్టకూడదు. కానీ మనిషి ఊపిరి ఈ రెండు కొసలకూ నిష్పత్తిలో నడుమ ఉందన్న అంచనా, మార్పిడిలో సున్నాలు ఎక్కడైనా జారిపోయాయేమో చూసుకోవడానికి పనికొస్తుంది.

కాగితం మీద మార్పిడికి హద్దులు లేవు గాని కంప్యూటరులో ఉన్నాయి. 64 బిట్ల పూర్ణాంకంలో పట్టే అతి పెద్ద సంఖ్య సుమారు 9.22 × 10¹⁸. శాస్త్రీయ గణనల్లో విరివిగా వాడే నంపై అనే ప్రోగ్రాం సంపుటి తేదీలను ఇలాంటి పూర్ణాంకంగానే దాస్తుంది. నానోసెకండ్లు ఎంచుకుంటే 1970కి అటూ ఇటూ 292 సంవత్సరాలు ఇముడుతాయి. ఫెమ్టోసెకండ్లు ఎంచుకుంటే రెండున్నర గంటలు. అటోసెకండ్లయితే 9.2 సెకండ్లు మాత్రమే. దశాంశ సంఖ్యల పెట్టె ఇంతకంటే మోసకరమైనది, ఎందుకంటే అది నిండిపోయినా చెప్పదు, చివరి అంకెలను మౌనంగా వదిలేస్తుంది. ఖగోళ శాస్త్రంలో కాలాన్ని క్రీస్తుపూర్వం 4713 జనవరి 1 మధ్యాహ్నం నుంచి గడిచిన రోజుల సంఖ్యగా, జూలియన్ దినసంఖ్యగా రాస్తారు. 2000 జనవరి 1 మధ్యాహ్నానికి అది 24,51,545. ఇంత పెద్ద సంఖ్యను సాధారణ 64 బిట్ల దశాంశ రూపంలో దాస్తే పక్కపక్కన ఉన్న రెండు విలువల మధ్య ఎడం సుమారు 40 మైక్రోసెకండ్లు. గ్రహణం లెక్కకు ఆ కచ్చితత్వం ధారాళంగా చాలు. పల్సార్లను, అంటే వేగంగా తిరుగుతూ క్రమం తప్పకుండా రేడియో స్పందనాలు పంపే నక్షత్రాలను, పరిశీలించేవారికి ఏమాత్రం చాలదు. అందుకే ఆస్ట్రోపై వంటి సాధనాలు ప్రతి సమయాన్నీ రెండు సంఖ్యలుగా విడదీసి, పూర్ణ దినాలు ఒకదానిలో, మిగిలిన భిన్నం మరొకదానిలో దాస్తాయి. ఆర్యభటుడి పూర్ణాంకాల జాగ్రత్త మరో రూపంలో తిరిగివచ్చినట్టే ఇది.

పల్సార్ల పరిశోధనలో అతి పెద్ద, అతి చిన్న వ్యవధులు ఒకే సమీకరణంలో కలుస్తాయి. 2023 జూన్‌లో ప్రపంచంలోని పలు బృందాలు నానోహెర్ట్జ్ గురుత్వ తరంగాల ఆనవాళ్లను ప్రకటించాయి. పుణె సమీపంలోని జీఎంఆర్‌టీ రేడియో దూరదర్శినితో పనిచేసే భారతీయ బృందం ఐరోపా బృందంతో కలిసి ఫలితాలు వెలువరించింది. ఆ భారతీయ బృందంలో ఐఐటీ హైదరాబాద్ పరిశోధకులూ ఉన్నారు. నానోహెర్ట్జ్ అంటే సెకండులో వందకోట్లవ వంతు కంపనం. తిరగేస్తే ఒక్క కంపనానికి 10⁹ సెకండ్లు, 31.7 సంవత్సరాలు. ఐరోపా, భారత బృందాల సమాచారం దాదాపు 25 సంవత్సరాలది. అంత కాలంలో ఒకసారి పూర్తయ్యే తరంగం పౌనఃపున్యం 1.27 నానోహెర్ట్జ్. ఇంత నెమ్మదైన అలను పట్టుకోవడానికి చూసేది పల్సార్ స్పందనాలు భూమికి చేరే సమయంలో వచ్చే వంద నానోసెకండ్ల స్థాయి తేడాలను. పాతికేళ్లలో వంద నానోసెకండ్లంటే 10¹⁶లో ఒక వంతు కంటే కొంచెం ఎక్కువ. 40 మైక్రోసెకండ్ల ఎడం ఉన్న సంఖ్యలతో ఈ పని మొదలుపెట్టనే లేరు.

ఇంతవరకు చెప్పిన మార్పిడి అంతా సంఖ్యలది. ప్రయోగశాలలో నిజంగా ఫెమ్టోసెకండ్ల ప్రపంచాన్ని సెకండ్ల ప్రపంచంతో కలపడం వేరే సమస్య, చాలాకాలం పరిష్కారం దొరకనిది. సీజియం తరంగం ఒక్క కంపనానికి 0.109 నానోసెకండు పడుతుంది. దాన్ని ఎలక్ట్రానిక్ పరికరాలు లెక్కపెట్టగలవు. స్ట్రాన్షియం దృశ్యకాంతి గడియారంలో కాంతి సెకండుకు దాదాపు 4.29 × 10¹⁴ సార్లు కంపిస్తుంది, ఒక్క కంపనం 2.33 ఫెమ్టోసెకండ్లు. అంత వేగాన్ని లెక్కపెట్టే సర్క్యూటు లేదు. రెండు పౌనఃపున్యాల నిష్పత్తి సుమారు 46,693. ఆ నిష్పత్తిని మధ్యలో అంకె జారకుండా దాటించే వంతెన ఫెమ్టోసెకండ్ లేజరు నుంచే వచ్చింది: సమాన వ్యవధిలో వెలువడే అతిహ్రస్వ స్పందనాల వరుస, పౌనఃపున్యాల దృష్టితో చూస్తే దువ్వెన పళ్లలా సమదూరంలో ఉన్న లక్షల గీతలు. పళ్ల మధ్య ఎడం సూక్ష్మతరంగాల పరిధిలో ఉంటుంది కనుక దాన్ని లెక్కపెట్టవచ్చు, ఎన్నో పన్ను అన్నది తెలిస్తే కాంతి పౌనఃపున్యం తెలిసిపోతుంది. ఈ పౌనఃపున్య దువ్వెనకు చేసిన కృషికే జాన్ హాల్, థియోడర్ హెన్ష్ 2005లో నోబెల్ బహుమతిలో భాగం పంచుకున్నారు.

దీని ఫలితంగా గడియారాలు ఖగోళ కాలాలతో పోల్చదగ్గ కచ్చితత్వానికి చేరాయి. 2024లో అమెరికాలోని బౌల్డర్‌లో ఉన్న జైలా సంస్థ తన స్ట్రాన్షియం గడియారపు అనిశ్చితి సుమారు 8 × 10⁻¹⁹ అని ప్రకటించింది. విశ్వం వయస్సంతా అది నడిచిందనుకుంటే పోగయ్యే తప్పు సెకండులో మూడో వంతు. 2030 ప్రాంతంలో సెకండును దృశ్యకాంతి పరివర్తన ఆధారంగా కొత్తగా నిర్వచించాలన్న ప్రయత్నాలు అందుకే సాగుతున్నాయి.

ఈ స్థాయిలో మార్పిడికి ఇంకో ప్రశ్న తోడవుతుంది: ఏ ఎత్తులో? గురుత్వ క్షేత్రంలో పైన ఉన్న గడియారం కింద ఉన్నదాని కంటే వేగంగా నడుస్తుందని ఐన్‌స్టీన్ సాపేక్షతా సిద్ధాంతం చెబుతుంది. ఎత్తు ఒక్క సెంటీమీటరు పెరిగితే తేడా సుమారు 1.1 × 10⁻¹⁸. హైదరాబాద్ సముద్రమట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి గడియారం విశాఖ తీరంలోని గడియారం కంటే 5.9 × 10⁻¹⁴ వంతు వేగంగా నడుస్తుంది. ఒక సంవత్సరానికి ఇది 1.85 మైక్రోసెకండ్లు, అంటే 185 కోట్ల ఫెమ్టోసెకండ్లు. రెండు గడియారాలూ నిర్దోషమైనవే, రెండూ తమ తమ చోట్ల నిర్వచనం ప్రకారం సరైన సెకండునే చూపుతున్నాయి. అందుకే అంతర్జాతీయ పరమాణు కాలాన్ని లెక్కించేటప్పుడు ప్రతి దేశపు గడియారానికీ దాని ఎత్తును బట్టి సవరణ చేసి, అన్నింటినీ సముద్రమట్టానికి సమానమైన ఒకే ఊహాతలానికి దించుతారు. ఆ తలం నుంచి ప్రయోగశాల ఎంత ఎత్తున ఉందో ఇప్పుడు చాలాచోట్ల కొన్ని సెంటీమీటర్ల కచ్చితత్వంతో మాత్రమే తెలుసు. కాబట్టి దూరాన ఉన్న రెండు దృశ్యకాంతి గడియారాలను పోల్చి చూసేటప్పుడు పద్దెనిమిదో దశాంశ స్థానం దగ్గర అడ్డుపడేది గడియారం కాదు, అది నిలబడ్డ నేల ఎత్తు.